ఈసడింపుకు ఇంగ్లీషులో ఏ మాట?

ప్రశ్న: నేను మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. మీటింగులో నేను నోరు విప్పగానే మా మేనేజరు పెదవి విరుస్తారు. మాట పూర్తికాకముందే అడ్డుకుంటారు. ఒకసారి అందరి ముందు నా ఉచ్చారణను అనుకరించి నవ్వారు. హెచ్‌ఆర్ విభాగానికి ఇంగ్లీషులో ఫిర్యాదు రాయాలనుకుంటున్నాను. కంటెంప్ట్, డిస్‌డేన్, స్కార్న్ అనే మూడింటికీ నా దగ్గరున్న నిఘంటువు ‘తిరస్కారం, ధిక్కారం’ అనే అర్థాలే ఇస్తోంది. నేను ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్

జవాబు: మీకు జరిగింది చిన్న విషయం కాదు. ఏ మీడియంలో చదివారన్నదాన్ని బట్టి ఒకరి పనితనాన్ని తూచడం అన్యాయమని ముందుగా చెప్పనివ్వండి.

మీరడిగిన మూడు మాటలూ దగ్గరి చుట్టాలే. మనుషుల ముఖకవళికల మీద 1872లో వెలువరించిన గ్రంథంలో చార్లెస్ డార్విన్, స్కార్న్‌నూ డిస్‌డేన్‌నూ కంటెంప్ట్ నుంచి విడదీయడం కష్టమనీ, కాకపోతే ఆ రెండింటిలో కోపం పాలు కొంత ఎక్కువనీ రాశాడు. అయినా వాడుకలో తేడా ఉంది. కంటెంప్ట్ అంటే ఎదుటి మనిషి గౌరవానికి అర్హుడే కాడన్న స్థిరమైన అభిప్రాయం. అది పైకి తేలకపోయినా మనసులో ఉంటుంది, మనం ‘పూచికపుల్లలా తీసిపారేయడం’ అనేది దీనికి దగ్గరగా వస్తుంది. డిస్‌డేన్‌లో తన గొప్పతనం గురించిన స్పృహ ముందుకు వస్తుంది. ‘షి డిస్‌డేన్డ్ టు రిప్లై’ అంటే ఆమె జవాబు తోచక ఊరుకుందని కాదు, జవాబివ్వడం తన స్థాయికి తగదనుకుందని. యోగ్యతను తెలిపే లాటిన్ పదం ఆ మాట మూలంలో ఉంది. స్కార్న్ మాత్రం సాధారణంగా బయటపడే ఈసడింపు. అది గొంతులో వినిపిస్తుంది, అందులో హేళన కలిసి ఉంటుంది.

ఇక కంటెంప్ట్‌కు ‘ధిక్కారం’ అన్న అర్థం కోర్టుల వాడుకలో ఎక్కువగా కనిపిస్తుంది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ప్రకారం న్యాయస్థానం ఉత్తర్వును ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించడం సివిల్ ధిక్కారం. న్యాయస్థానం ప్రతిష్ఠను దిగజార్చడం, న్యాయప్రక్రియకు అడ్డుతగలడం వంటివి క్రిమినల్ ధిక్కారం. మన హైకోర్టు వార్తల్లో కనిపించే ఆ మాటకు మీ ఉత్తరంలో చోటు లేదు.

నా సలహా అడిగితే, ఆ మూడింటిలో ఏదీ మీ ఫిర్యాదుకు ఆధారం కాకూడదు. అవి మేనేజరు మనసులో ఏముందో చెప్పే మాటలు కాబట్టి, ‘నాకు అలాంటి ఉద్దేశం లేదు’ అని ఆయన ఒక్క వాక్యంతో తోసిపుచ్చగలరు. జరిగిన పనిని చెప్పే మాటలకు ఆ చిక్కు తక్కువ: మధ్యలో ఆపినందుకు ‘ఇంటరప్టెడ్’, ఉచ్చారణను అనుకరించి నవ్వినందుకు ‘మాక్డ్ మై యాక్సెంట్’. పెదవి విరవడానికి ‘స్నీర్డ్’ అనే మాట ఉన్నా, అది చూసినవారి అభిప్రాయం మీద ఆధారపడేది గనక దాన్ని ముందు పెట్టకండి. ప్రతి సంఘటనకూ తేదీ, మీటింగు పేరు, అక్కడున్నవారి పేర్లు రాయండి. ఆ తరువాతే మీకు కలిగిన బాధను చెప్పండి. అందుకు ‘బిలిటిల్’ చక్కగా సరిపోతుంది. 1780లలో, తరువాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ రాతల్లో మొదట కనిపించిన ఈ మాటకు మనిషిని చిన్నబుచ్చడమని అర్థం. ‘హి మాక్డ్ మై యాక్సెంట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ది టీమ్, అండ్ ఐ ఫెల్ట్ బిలిటిల్డ్’ అని రాస్తే, ఆయన చేసిందీ మీరు పడ్డదీ రెండూ స్పష్టంగా ఉంటాయి.

‘కాండిసెండింగ్’ అనే మాట ఈమధ్య ఆఫీసుల్లో బాగా వినిపిస్తోంది. దయ చూపుతున్నట్టుగా మాట్లాడుతూనే తగ్గించే ధోరణికి అది సరైన మాట. ‘పాపం, ఆమెకు అర్థమయ్యేలా తేలిక మాటల్లో చెప్పండి’ వంటివి ఆయన అని ఉంటేనే వాడండి. 18వ శతాబ్దపు ఇంగ్లీషులో ఇది మెచ్చుకోలు మాట కూడా, గొప్పవారు తమకంటే తక్కువ హోదా గలవారితో కలుపుగోలుగా మెలిగితే అలా పొగిడేవారు.

ప్రశ్న: కంటెంప్చువస్, కంటెంప్టిబుల్ అనే రెండు మాటలను మా విద్యార్థులు ఒకదానికి బదులు మరొకటి రాస్తున్నారు. తేడా ఎలా చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్

జవాబు: ఇతరులను నీచంగా చూసేవాడు కంటెంప్చువస్, ఇతరులు నీచంగా చూడదగినవాడు, లేదా అలాంటి పని, కంటెంప్టిబుల్. పేదవాడిని ఈసడించే ధనవంతుడి చూపు మొదటిది, అనాథల సొమ్ము కాజేయడం రెండోది. పిల్లలకు కథలా చెప్పాలంటే మొదటి ప్రపంచ యుద్ధాన్ని గుర్తుచేయండి. 1914లో ఫ్రాన్స్‌కు వెళ్లిన బ్రిటిష్ సేనను జర్మన్ చక్రవర్తి ‘కంటెంప్టిబుల్’ అన్నాడని ప్రచారం కాగా, బతికి వచ్చిన సైనికులు ఆ తిట్టునే గర్వంగా తలకెత్తుకుని తమను ‘ఓల్డ్ కంటెంప్టిబుల్స్’ అని పిలుచుకున్నారు. ‘కంటెంప్చువస్’ అని ఉంటే అది వారికి పేరుగా కుదిరేది కాదు, ఎందుకంటే చులకనకు గురైనవారు వారే.