పవర్‌షెల్‌ను డిలీట్ చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా ఆఫీసు కంప్యూటర్లను నేనే చూసుకుంటాను. ఒక సిస్టమ్‌లో, పనులను చెప్పిన వేళకు వాటంతటవే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో నేను పెట్టని టాస్క్ ఒకటి కనబడింది. అది రోజూ పవర్‌షెల్‌ను (విండోస్‌లో కమాండ్‌లు, స్క్రిప్టులు నడిపే ప్రోగ్రామ్) నడుపుతోంది, వెనకాల అర్థంకాని అక్షరాల బారు ఉంది. యాంటీవైరస్ మాత్రం అంతా బాగుందంటోంది. పవర్‌షెల్‌నే డిలీట్ చేసేయమంటారా?

జవాబు: వద్దు. ఆ టాస్క్‌ను కూడా అప్పుడే డిలీట్ చేయకండి. ఇలాంటి ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది ముందు ఆధారాలు చెరిపేసి, ఆ తర్వాత ఏం జరిగిందని అడుగుతారు. టాస్క్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. కంప్యూటర్‌ను ఆపకుండా నెట్‌వర్క్ నుంచి మాత్రం విడదీయండి. ఆపేస్తే మెమరీలో ఉన్నదంతా పోతుంది.

యాంటీవైరస్ ఊరుకోవడంలో వింతేమీ లేదు. పవర్‌షెల్ విండోస్‌తో పాటే వచ్చిన, డిజిటల్ సంతకమున్న ప్రోగ్రామ్. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. పోనీ దాన్ని తీసేశారే అనుకుందాం. సర్టిఫికెట్ల పనికి పెట్టిన సర్ట్‌యుటిల్‌తో ఫైళ్లు దింపుకోవచ్చు. ఎంఎస్‌హెచ్‌టీఏ, రన్‌డీఎల్ఎల్32 లాంటి ఇతర విండోస్ ప్రోగ్రామ్‌లూ దాడి చేసేవాళ్లకు పనికొస్తాయి. ఎన్నని తీసేస్తారు? 2017లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ తాను దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో, వేరే కంప్యూటర్లో కమాండ్‌లు నడిపే డబ్ల్యూఎంఐసీ, పీఎస్‌ఎగ్జెక్ అనే మైక్రోసాఫ్ట్ టూల్స్‌ను వాడుకుని, ప్యాచ్‌లన్నీ వేసుకున్న కంప్యూటర్లలోకి కూడా పాకింది.

కాబట్టి చూడాల్సింది టూల్‌ను కాదు, దాన్ని ఎవరు, ఏ అధికారంతో నడుపుతున్నారన్నది. మీ ఆఫీసులో అందరికీ అడ్మిన్ అకౌంట్లే ఉన్నాయా? అన్ని సిస్టమ్‌లకూ ఒకటే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డా? అలాగైతే ఒక్కటి చేజారితే అన్నీ పోయినట్టే. ల్యాప్స్ (లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌లను చూసుకునే మైక్రోసాఫ్ట్ టూల్) పెట్టుకుంటే ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో పాస్‌వర్డ్ అదే మారుస్తుంది. ఉద్యోగుల సిస్టమ్‌ల మధ్య నేరుగా కనెక్షన్లు అవసరం లేకపోతే ఫైర్‌వాల్‌లో మూసేయండి. 'ఎగ్జిక్యూషన్ పాలసీ (ఏ స్క్రిప్టులు నడవాలో చెప్పే పవర్‌షెల్ సెట్టింగ్) బిగించాను కదా' అని కొందరు ధీమాగా ఉంటారు. అది భద్రతా వ్యవస్థ కాదని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. కమాండ్‌లో 'బైపాస్' అని చేరిస్తే చాలు, దాటిపోవచ్చు. నిజంగా కట్టడి చేయాలంటే ఏ స్క్రిప్టులు నడవాలో విండోస్‌లోని యాప్ కంట్రోల్‌లో నిర్ణయించాలి. అప్పుడు మిగతావాటికి పవర్‌షెల్ పరిమిత భాషా మోడ్‌లోకి, అంటే కొన్ని పనులే చేయనిచ్చే స్థితిలోకి, వెళ్తుంది.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది లాగ్‌లు, అంటే ఏం జరిగిందో విండోస్ రాసుకునే రికార్డులు. స్క్రిప్ట్ బ్లాక్ లాగింగ్ ఆన్‌లో ఉంటే, మీరు చూసిన ఆ అక్షరాల బారు విప్పుకున్నాక అసలు కోడ్ ఏమిటో లాగ్‌లో 4104 నంబరు ఈవెంట్‌గా పడుతుంది. ప్రాసెస్ మొదలైనప్పుడు వచ్చే 4688లో పూర్తి కమాండ్ లైన్ కూడా రాయించవచ్చు. ఈ రెండూ మనం వెతికి ఆన్ చేసుకోవాలి! అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అడగని ఐకాన్లు, సిఫార్సులు మాత్రం వాటంతటవే ఆన్ అయి కూర్చుంటాయి. ఇల్లు దోచుకున్నాక పనికొచ్చేదాన్ని మెనూల అడుగున పాతిపెట్టడం డిజైన్ అనిపించుకోదు. పాత సిస్టమ్‌లలో పవర్‌షెల్ 2.0 మిగిలి ఉంటే తీసేయండి. దాన్ని పిలిస్తే ఈ స్క్రిప్ట్ లాగింగ్ పనిచేయదు. లాగ్‌లను వేరే మెషీన్‌కు పంపండి, అడ్మిన్ హక్కులు దొరికినవాడు ముందు వాటినే తుడిచేస్తాడు. సెక్యూరిటీ లాగ్‌ను తుడిస్తే 1102 అనే ఈవెంట్ మిగులుతుంది గానీ, పోయిన సమాచారం తిరిగిరాదు. స్క్రిప్టుల్లో పాస్‌వర్డ్‌లు రాసుకునే అలవాటు మీకుంటే అవీ లాగ్‌లో పడతాయి, ముందు అది మానుకోండి.

ఇంకొకటి, ఆ సిస్టమ్ వాడే వాళ్లను అడగండి: 'మీరు రోబో కాదని నిరూపించుకోండి' అంటూ, విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కి ఏదో పేస్ట్ చేయమన్న వెబ్‌పేజీ కనబడిందా అని. ఈ మధ్య ఇలాంటివి చాలా వస్తున్నాయి. కమాండ్‌ను యూజర్ చేతే నడిపిస్తారు. అసలైన క్యాప్చా ఏదీ రన్ బాక్స్ తెరవమనదు.

కారణం దొరికినా దొరకకపోయినా ఆ సిస్టమ్‌ను ఫార్మాట్ చేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. అందులో లాగిన్ అయిన ప్రతి అకౌంట్ పాస్‌వర్డ్‌నూ, మీ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో సహా, వేరే కంప్యూటర్ నుంచి మార్చండి. అదే టాస్క్ మిగతా సిస్టమ్‌లలోనూ ఉందేమో ఈరోజే చూడండి. పేరు వేరుగా ఉండవచ్చు, అందుకే పేరును కాకుండా అది నడిపే కమాండ్‌ను చూసి పోల్చండి.