గంటసేపు కూర్చుంటున్నావు సరే, ఎవరి పక్కన?

ప్రశ్న: మాది నెల్లిమర్ల దగ్గర. వయసు 36, ప్రైవేట్ ఉద్యోగం, ఇంటి లోన్ నడుస్తోంది. అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు. పోయినేడు పది రోజుల విపశ్యన కోర్సు చేశాక బౌద్ధం మీద మనసు పడింది. పొద్దున 6 నుంచి 7, సాయంత్రం 7 నుంచి 8 తలుపేసుకుని ధ్యానం చేస్తున్నా. నీచు మానేశాను, పైడితల్లి సిరిమాను పండక్కి కూడా వెళ్ళలేదు. ఆదివారం రామతీర్థంలో పాత బౌద్ధారామం ఉన్న గురుభక్తుల కొండ ఎక్కి ఒక్కణ్ణే కూర్చుని వస్తా. అమ్మ ఏడుస్తోంది. ఉద్దానంలో మామగారికి డయాలసిస్ పెట్టాలన్నారని మా ఆవిడ ఏడుస్తుంటే "అంతా అనిత్యమే" అన్నాను, అప్పట్నుంచి నెల రోజులుగా మాటల్లేవు. నాకైతే దేనిమీదా కోపం లేదు, ఇష్టమూ లేదు, నిద్ర సరిగ్గా పట్టట్లేదు. ఇల్లు వదిలి భిక్షువైపోతే నయమా?

జవాబు: తమ్ముడూ, నీకంటే పదిహేనేళ్ళు పెద్దదాన్ని, పక్క శ్రీకాకుళం దాన్నే, అందుకని నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

ముందు ఆ ఆఖరి మాట తేల్చేద్దాం. భిక్షువునవుతానని వచ్చినవాణ్ణి సంఘం కొన్ని ప్రశ్నలు అడుగుతుంది, భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలోనే ఉన్నాయి, అందులో అప్పులేమైనా ఉన్నాయా అనేది ఒకటి, అమ్మానాన్నలు ఒప్పుకున్నారా అనేది ఇంకోటి. నీకు ఇంటి లోన్ ఉంది, మీ అమ్మ ఏడుస్తోంది. రెండింట్లోనూ ఫెయిలే కదా, ఇంక ఆ సంగతి వదిలేయ్.

నన్ను నిజంగా బాధ పెట్టింది ఆ "అనిత్యం". కిసాగోతమి కథ చదివే ఉంటావు, చచ్చిపోయిన బిడ్డని చంకనేసుకుని మందు ఇమ్మని వచ్చింది, బుద్ధుడు ఆవిడకి అనిత్యం గురించి క్లాసు పీకలేదు, చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు పట్టుకురామ్మా అని పంపించాడు, ఆవిడ ఇల్లిల్లూ తిరిగి తనంతట తనే తెలుసుకుంది. ఇప్పుడు మీ ఆవిడ ఎక్కడి పిల్ల? ఉద్దానం పిల్ల. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళవాళ్ళు మనుషుల్ని పోగొట్టుకుంటూనే ఉన్నారు. ఆ పిల్ల చిన్నప్పట్నుంచి చూస్తూ పెరిగింది అదే, ఆవాల కోసం తిరగాల్సిన ఇళ్ళన్నీ ఎప్పుడో తిరిగేసింది, ఆమెకి అనిత్యం నువ్వు నేర్పాలా? ఆ టైంలో ఆమెకి కావాల్సింది "ఏ డాక్టర్ చెప్పాడు, ఎప్పుడు వెళ్దాం" అనే మాట. నిజమైన మాటే అయినా సమయం చూసి, మెత్తగా, ఎదుటివాళ్ళకి పనికొచ్చేలా, ప్రేమతో చెప్పాలని బుద్ధుడే అన్నాడు, నీది నిజం ఒక్కటే పాసయింది, మిగతా నాలుగూ తప్పాయి.

ఇంకో సంగతి, కోపం లేదు, ఇష్టం లేదు, నిద్ర లేదు అని రాశావు. దాన్ని నువ్వు ఉపేక్ష, అంటే దేనికీ చలించని సమభావం, అనుకుంటున్నావేమో. విశుద్ధిమగ్గం అనే పాత ధ్యాన గ్రంథంలో బుద్ధఘోషుడు ఉపేక్షకి దగ్గరి శత్రువు ఒకటుందంటాడు, అచ్చం దానిలాగే కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది అజ్ఞానంతో కూడిన పట్టనితనం. తేడా ఎలా తెలుస్తుందంటే, నా లెక్కలో, ఉపేక్ష ఉన్నవాడు ఏడుస్తున్న మనిషి పక్కన కూర్చోగలడు, పట్టనివాడు లేచి గదిలోకి పోతాడు. అది కూడా కాకుండా డిప్రెషన్ అయి ఉండొచ్చు, దాన్ని ధ్యానంతో దాచేస్తే ముదురుతుంది. కాబట్టి ఈ వారమే మానసిక వైద్యుణ్ణి కలువు, మొహమాటం అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్, డబ్బులేం అడగరు. అప్పటిదాకా ధ్యానం తగ్గించు, పొద్దున ఇరవై నిమిషాలు చాలు. మీ టీచర్‌కి కూడా నిద్ర పట్టట్లేదని చెప్పు, దాచకు.

ఆ ఇరవై నిమిషాలు కూడా 6 తర్వాత వద్దు బాబూ. ఆ టైంలో ఇంట్లో ఏం జరుగుతోందో ఎప్పుడైనా చూశావా, కుళాయి వచ్చేదీ అప్పుడే, క్యారేజీలు కట్టేదీ అప్పుడే, పిల్లలకి జడలూ టిఫిన్లూ అప్పుడే, నువ్వేమో తలుపేసుకుని శ్వాస చూసుకుంటున్నావు. వాళ్ళు లేవకముందే ముగించుకో. సాయంత్రం 7 నుంచి 8 పిల్లల హోంవర్క్ దగ్గర కూర్చో. నవ్వకు, నేనూ పది రోజుల కోర్సు చేశాను, వచ్చిన రెండో రోజే గ్యాస్ బుక్ చెయ్యలేదని మా ఇంటాయన మీద అరిచిన అరుపుకి పక్కింటావిడ బయటికొచ్చి చూసింది. అసలు పరీక్ష అక్కడుంది.

సిగాలోవాద సుత్తం మాత్రం ఒకసారి తీరిగ్గా చదువు, గృహస్థుల కోసమే చెప్పింది. సిగాలుడనే కుర్రాడు తండ్రి పోతూ చెప్పాడని తెల్లారే తడిబట్టలతో ఆరు దిక్కులకీ దణ్ణం పెడుతుంటాడు. బుద్ధుడు మానేయమనలేదు, తూర్పంటే అమ్మానాన్నలు, పడమరంటే భార్య అని ఒక్కో దిక్కుకీ ఒక మనిషిని చూపించాడు. భర్త చెయ్యాల్సినవి ఐదు చెప్పాడు, గౌరవించడం, చులకన చెయ్యకపోవడం, దారి తప్పకపోవడం, ఇంటి పెత్తనం ఆమెకి అప్పగించడం, ఐదోది నగలు కొనిపెట్టడం (ఇది మాత్రం మీ ఆవిడకి తప్పకుండా చదివి వినిపించు). నువ్వు నీచు మానడం, ఆదివారాలు కొండెక్కడం ఎవరితో మాట్లాడి మొదలుపెట్టావు? ఆ నాలుగోదే నీకు లేదు.

అమ్మ సంగతి తేలికే. చేపలు తినాలని లేకపోతే మానెయ్, అది నీ ఇష్టం, కానీ అమ్మ కంచంలో చూస్తూ ఉపన్యాసం వద్దు. సంఘంలో అందరూ మాంసం మానాలని దేవదత్తుడనే భిక్షువు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు, తమకోసం చంపినట్టు చూసినా విన్నా అనుమానమొచ్చినా తినొద్దన్నాడంతే. ఇక సిరిమాను. వజ్జులనే ఆ కాలపు జనం తమ చైత్యాల్ని, అంటే ఊరి పూజాస్థలాల్ని, గౌరవిస్తూ, ఆనవాయితీగా ఇచ్చేవి మానకుండా ఇస్తున్నంత కాలం బాగుపడతారే గాని చెడిపోరని మహాపరినిబ్బాన సుత్తంలో ఆయనే అన్నాడు. దసరా వెళ్ళిన మంగళవారం అమ్మని పైడితల్లి దగ్గరికి తీసుకెళ్తే నీ శీలానికి వచ్చే నష్టమేం లేదు.

ఇంక ఆ గురుభక్తుల కొండ. నేను మా వైపు బౌద్ధ కొండ శాలిహుండం వెళ్ళినప్పుడల్లా ఇదే అనుకుంటా, అంత మంది భిక్షువులు కొండ మీద ఉండేవాళ్ళు కదా, వండుకోకూడదు, దాచుకోకూడదు, మధ్యాహ్నం దాటితే తినకూడదు, మరి అన్నం ఎక్కడిది? కింద ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నే పొయ్యి వెలిగిస్తేనే వాళ్ళ ధ్యానం సాగేది. నీ ధ్యానమూ అలాగే సాగుతోంది, తలుపు అవతల ఎవరో క్యారేజీలు కడుతున్నారు కాబట్టి.

ఆమెతో మాట ఎలా కలపాలి అంటావా, పెద్ద పెద్ద సారీలు వద్దు, "ఆ రోజు నేనన్నది తప్పు" అని ఒక్కసారి అని ఊరుకో. వెంటనే మాట్లాడదు, మాట్లాడాలని చూడకు. మామగారికి డయాలసిస్ ఏయే రోజులో కనుక్కో, ఒక రోజు సెలవు పెట్టి ఆమెతో కలిసి బయల్దేరు. ఒక్కసారికి నాలుగు గంటల దాకా పడుతుంది, ఫోన్ జేబులో పెట్టేసి ఆ నాలుగు గంటలూ ఆయన మంచం పక్కన కూర్చో.