సంక్రాంతికి పులసేంటి తమ్ముడూ!

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం దగ్గర. సంక్రాంతికి మా కుర్రాళ్ళందరం కలిసి రెండ్రోజులు ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్ పెడుతున్నాం, పూతరేకులు, తేగలు, చేపల పులుసు ఒకవైపు, ఈత కల్లు, నాసిక్ నుంచి తెప్పించే వైన్ ఇంకోవైపు. డిజైన్ నా మెడకి చుట్టారు. కళ్ళజోడు పెట్టుకుని గ్లాసు పట్టుకుని డాన్స్ చేసే పులసని గీశా, చుట్టూ కొబ్బరిచెట్లు, లాంచీ, రొయ్యలు కూడా. ఫ్లెక్సీ మీద అదిరింది గానీ కూపన్ మీదకొచ్చేసరికి పచ్చటి మరకలా కనబడుతుంది. ఏం తీసెయ్యమంటారు?

జవాబు: ముందు పులసనే తీసెయ్. బొమ్మ బాలేక కాదు. గోదారికి ఎర్రనీరు తగిలాక, జులై నుంచి సెప్టెంబరు లోపు సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే చేపది, జనవరిలో దాన్ని పోస్టర్ మీద చూస్తే హైదరాబాదోళ్ళు పట్టించుకోరేమో గానీ మనోళ్ళు తిన్నగా స్టాల్ దగ్గరకొచ్చి "పులసెక్కడండీ" అంటారు, అప్పుడు ఏం చెప్తావ్?

పేరూ మార్చు. మన దగ్గర వైన్స్ అంటే మందు షాపేగా, ఆ బోర్డు చూసి ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని లోపలికెలా వస్తారు.

మరేం గియ్యాలంటావా, కుండ గియ్యి. పూతరేకులు చేసే చోట ఓ అరగంట కూచో. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి ఆవిడ కుండ మీద అలా లాగుతుందంతే, రెప్ప వేసేలోపు రేకు అంచు లేచొస్తుంది. ఆ లేచిన అంచు చూశావా, అదే నీ గీత. కుండకి రెండు కళ్ళు, తలమీంచి జారే చీరకొంగులా ఆ రేకు, చాలు, ఓ మనిషొచ్చేసింది. ఇప్పుడు బొమ్మని తలకిందులు చెయ్యి, కుండ నిలబడి కల్లు లొట్టి అయిపోతుంది! కూపన్ ఒకవైపు తిండికి, తిప్పితే తాగడానికి. నాకైతే ఇది తట్టినప్పుడు నవ్వాగలేదు.

రంగులు కుండ ఎరుపు, మసి నలుపు, అంతే. రేకు తెలుపు కాగితానిదే కాబట్టి ప్రింటింగ్‌కి రెండే ఇంకులు. వెక్టర్‌లో, అంటే ఎంత పెంచినా తగ్గించినా గీత చెదరని పద్ధతిలో గీస్తే ఫ్లెక్సీకీ కూపన్‌కీ అదే ఫైలు. అక్షరాల దగ్గర జాగ్రత్త, చిన్న సైజులో మన ఒత్తులు ఇంకుతో పూడిపోతాయి, "ఫెస్టివల్"లో ట ఒత్తు ముందు పోతుంది. "కుండ పండగ" అని పెట్టి చూడు, ఒక్క ఒత్తూ లేదు. బాపు గారు మన నర్సాపురంలోనే పుట్టారు కదాని ఆ కళ్ళు మాత్రం దించెయ్యకు, పెళ్ళి శుభలేఖల్లో ఇప్పటికే బోలెడున్నాయి.

ఇంకోటి, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు వచ్చింది, సరుకు అక్కడిది కాకపోతే ఆ ఊరి పేరు పోస్టర్ మీద వెయ్యొద్దు. కల్లుకీ వైన్‌కీ ఎక్సైజ్ వాళ్ళ పర్మిషన్ సంగతి ప్రింటింగ్‌కి ముందే తేల్చుకోండి, తర్వాత స్టిక్కర్లు అంటించుకుంటూ కూచోవాల్సొస్తుంది. కార్టూన్ చేతిలో గ్లాసు కూడా వద్దు, దాని పక్కన ఫొటోలు దిగేది పిల్లలే.