మీరడిగారు: మొదటిసారి బర్మా హోటల్‌కి వెళ్తే ఏం తినాలి?

ప్రశ్న: నమస్తే అండి, మాది రాజోలు దగ్గర. వచ్చే నెల సింగపూర్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నామండి. అక్కడ పెనిన్సులా ప్లాజాలో బర్మా హోటళ్ళు ఉన్నాయంట, ముత్తాతగారు రంగంలో (రంగూన్) బియ్యం మిల్లులో పనిచేశారు కదా ఒకసారి తిని తీరాల్సిందే అంటోంది. మా ఆయనకి అన్నం కూర లేందే ముద్ద దిగదు, నాకేమో ఏం మాంసం పెడతారో అని భయం. ఏం ఆర్డర్ చెయ్యాలండి?

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా, మీ అమ్మాయి మంచి మాట అంది. కాకినాడలో స్టీమరెక్కి రంగం వెళ్ళి మిల్లుల్లో, రేవులో కష్టపడి, 1942లో జపాన్ వాళ్ళొచ్చినప్పుడు అన్నీ వదిలేసి వచ్చేసిన కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి, ఇంట్లో ఆ కబుర్లు మిగిలాయి గానీ ఆ తిండి మాత్రం మిగల్లేదు, నాకు ఎప్పుడూ బాధనిపించేది అదే.

మీ ఆయనకి దిగులక్కర్లేదు. అందరూ నూడుల్స్‌తో మొదలుపెట్టేస్తారు గానీ బర్మా ఇంట్లో అసలు భోజనం అంటే అన్నమే, గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకుంటారు, పెద్దవాళ్ళకి ముందు వడ్డిస్తారు, చేత్తోనే కలుపుకుంటారు కాబట్టి మొహమాటపడకండి. ముందు చిన్‌బాంగ్ చో ఉందేమో అడగండి, అది గోంగూరేనండి, రొయ్యలూ వెదురు కొమ్ములూ వేసి వేయిస్తారు. దానికి తోడు ఒక చేప కూరో రొయ్యల కూరో చెప్పండి. కూర మీద నూనె తేలి ఉంటుంది, అది పాడైంది కాదు, నూనె పైకొచ్చేదాకా మగ్గించడమే వాళ్ళ పద్ధతి, వద్దనుకుంటే అడుగు నుంచి తీసుకోండి. కారం మాత్రం మన లెక్కలో చాలా తక్కువ, అందుకని బలచాంగ్ ఒక గిన్నెడు తెప్పించుకోండి, ఎండు రొయ్యలు వెల్లుల్లి మిరపకాయ కరకరలాడేలా వేయించిన పొడి, మీ ఆయన దాంతోనే సగం అన్నం తినేస్తారు చూడండి. పుల్లటి పలచని చారు ఒకటి ఇస్తారు, దాన్ని చివర్లో అన్నంలో పోసుకోరు, మధ్యమధ్యలో చెంచాతో తాగుతుంటారు.

మాంసం సంగతికొస్తే మెనూలో వెట్‌తా అంటే పంది, అమెతా అంటే పెద్ద మాంసం, చెట్‌తా కోడి, పజూన్ రొయ్య. ఈ నాలుగూ కాగితం మీద రాసి పెట్టుకోండి చాలు.

రెండోసారి వెళ్తే పొద్దున్నే వెళ్ళి మొహింగా తినండి. అక్కడ జనం టిఫిన్ అదే. జెల్ల, వాలుగ లాంటి పొలుసు లేని చేపని నిమ్మగడ్డి, అల్లం, వెల్లుల్లి వేసి ఉడికించి, ముళ్ళు తీసి, వేయించిన బియ్యప్పిండో శెనగపిండో కలిపి చిక్కగా చేస్తారు, అందులో అరటి దూట ముక్కలు కూడా పడతాయి, సన్నటి బియ్యం సేమియా మీద పోసి పైన ఉడికిన గుడ్డు, పప్పు వడ చిదిపి, నిమ్మకాయ పిండుకుని తింటారు. చల్లారితే నీచు తెలుస్తుంది, వేడి మీదే తినెయ్యండి.

లపెట్ తోక్ అని టీ ఆకు సలాడ్ ఉంటుంది. లేత టీ ఆకు ఆవిరి పట్టి నెలల తరబడి పులియబెట్టి, వేయించిన వెల్లుల్లి, పప్పులు, నువ్వులు, వేరుశెనగ గుళ్ళు, టమాటా, క్యాబేజీతో కలిపిస్తారు. మొదటి ముద్ద చేదుగా, వింతగా ఉంటుంది, అక్కడితో ఆపేయకండి, మూడో ముద్దకి వగరూ పులుపూ కరకరా అన్నీ కలిసి భలే పట్టుకుంటుంది, నా మట్టుకు బర్మా వంటల్లో దీన్ని మించింది లేదు. రాత్రి పూట మాత్రం కొంచెమే, టీ ఆకే కదా, నిద్ర పట్టదు.

ప్రశ్న: తణుకు నుంచి అడుగుతున్నాను. మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. బర్మా తిండి మాకు కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది గానీ హోటల్ చూసుకుని వెళ్ళాలండి. ఊరికే 'వెజ్' అంటే సరిపోదు, ఎందుకంటే ఙపి అని రొయ్యో చేపో పులియబెట్టిన ముద్ద, చేప సాస్, ఎండు రొయ్యల పొడి కూరగాయల వంటల్లోనూ సలాడ్లలోనూ కూడా పడిపోతాయి, పైకి కనిపించవు. హైదరాబాద్, బెంగళూరుల్లో బర్మా బర్మా అని పూర్తి శాకాహార రెస్టారెంట్ ఉంది, మీకు అదే నిశ్చింత. షాన్ తోఫు తినండి, అది సోయాతో కాదు, శెనగపిండి పసుపేసి ఉడికించి గట్టిపడ్డాక ముక్కలు కోసి వేయిస్తారు, చింతపండు పులుసులో ముంచుకోవాలి. అక్కడి కొబ్బరిపాల ఖావ్‌స్వే అనే నూడుల్స్ కూడా బావుంటుంది.