లెక్క చేయదా? లెక్క వేయదా?

సందేహం: మాది గుంటూరు అరండల్‌పేట. ఇంటర్ చదివే మా మనవడు కంప్యూటర్ నోట్సులో "కంట్రోల్ యూనిట్ లెక్క చేయదు, ఏఎల్‌యూ లెక్క చేస్తుంది" అని రాసుకున్నాడు. ఈ రెండూ కంప్యూటర్ మెదడు లాంటి ప్రాసెసర్‌లోని భాగాలట, ఏఎల్‌యూ అంటే అరిథ్‌మెటిక్ లాజిక్ యూనిట్ అట. నాకు ఎబ్బెట్టుగా తోచి "వేయదు" అని దిద్దాను. "అర్థమైతే చాలు తాతయ్యా" అంటున్నాడు. ఎవరిది ఒప్పు?

సమాధానం: మీదే ఒప్పు. అర్థమైతే చాలనడానికి లేదు, ఇక్కడ అర్థమే తిరగబడింది. "లెక్కచేయదు" అంటే ఖాతరు చేయదని. మీ మిర్చి యార్డులో హమాలీలు ఎండను లెక్కచేయకుండా టిక్కీలు మోస్తారు. ఆ టిక్కీలు తూచాక డబ్బు లెక్క కడతారు, లెక్క వేస్తారు. "లెక్క చేస్తారు" అని మాత్రం అనరు. బహువచనంలో ఈ చిక్కు లేదు. పిల్లలు లెక్కలు చేస్తారు కదా, అలాగే "ఏఎల్‌యూ లెక్కలు చేస్తుంది" అని రాస్తే నాకు పేచీ లేదు.

తంటా అంతా "కంట్రోల్ యూనిట్ లెక్క చేయదు" అన్న మొదటి మాటతోనే. నిజానికి ప్రాసెసర్‌లో కంట్రోల్ యూనిట్ అంత మాట వినేది ఇంకోటి లేదు. 5, 7 కలపాలనుకోండి. మెమరీలోంచి ఆదేశం తెప్పించుకుని, అది కూడికేనని పోల్చుకునేది అదే. రెండు అంకెలూ అప్పటికే రెండు రిజిస్టర్లలో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న నిల్వ చోట్లలో, ఉంటాయి. (ఈ రిజిస్టర్ బడిలో హాజరు పట్టీ లాంటిది కాదు, పలక లాంటిది. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. కరెంటు పోతే ఏమీ మిగలదు.) వాటిని ఏఎల్‌యూకి అందించి కూడమంటుంది. వచ్చిన 12ను మళ్లీ రిజిస్టర్‌లోకి చేరుస్తుంది. ఇదంతా క్లాక్ (క్రమం తప్పకుండా సంకేతాలిచ్చే గడియారం లాంటిది) వేసే తాళానికి తగ్గట్టే నడుస్తుంది. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఆ తాళం సెకనుకు 300 కోట్ల సార్లు పడుతుంది.

రెండు సంఖ్యలు సమానమా కాదా అని చూడాల్సి వస్తే ఏఎల్‌యూ ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తుంది. సున్నా వస్తే ఒక గుర్తు పెడుతుంది, దాన్నే ఫ్లాగ్ అంటారు. తర్వాత ఏ ఆదేశానికి వెళ్లాలన్నది కంట్రోల్ యూనిట్ ఆ గుర్తును చూసే తేల్చుకుంటుంది. అంటే అది తాను లెక్క వేయదు గానీ, ఏఎల్‌యూ వేసినదాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మనవడి చేత ఈ వాక్యం రాయించండి.