ఏజెన్సీకి ఫోన్ చేయాల్సింది మీరు కాదు

ప్రశ్న: మా అబ్బాయికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆరేళ్ల అనుభవం ఉంది. పర్మనెంట్ ఉద్యోగం మానేసి ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌గా చేస్తానంటున్నాడు. రెండు రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలు పిలిచాయి. పెద్ద ఏజెన్సీ రోజు రేటు తక్కువ చెబుతోంది కానీ 15 రోజులకోసారి డబ్బు ఇస్తుందట. చిన్న ఏజెన్సీ 10 శాతం ఎక్కువ ఇస్తానంటోంది, ఇన్వాయిస్ (బిల్లు) వేసిన 60 రోజులకు. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమంటున్నారు. వీడు బేరమాడి అవకాశం పోగొట్టుకుంటాడేమోనని నేనే రిక్రూటర్‌కు ఫోన్ చేశాను. ఇప్పటి జీతం చెప్పి, కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదన్నాను. రెండింటిలో ఏది మంచిది? అసలు ఈ దారి మంచిదేనా?

జవాబు: రెండింటినీ పోల్చి చెబుతాను. ముందు ఆ ఫోన్ సంగతి చూద్దాం.

ఎందుకు చేశారండీ? ఇలాంటి బేరాల్లో ‘అటూ ఇటూ’ అన్నది ఎప్పుడూ అటే పోతుంది, ఇటు రాదు. ఆరేళ్లుగా తన పని తాను చేసుకుంటున్న మనిషి తరఫున తండ్రి ఫోన్ చేస్తే, అవతలివాళ్లకు తెలిసేది రెండే. ఈ ఇంట్లో తొందర ఉంది, అబ్బాయి నోరు విప్పడు. రెండోది అబద్ధమే కావచ్చు, కానీ వాళ్లు దాన్ని బట్టే రేటు చెబుతారు. కొంప మునిగిందేమీ లేదు, కంగారు పడకండి. ‘ఇకపై మాటలన్నీ నాతోనే, నా రోజు రేటు ఇది’ అని మీవాడు ఒక మెయిల్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

జీతం చెప్పడం కూడా పొరపాటే. జీతానికీ కాంట్రాక్ట్ రేటుకీ పొంతన లేదు. ఏడాదిలో శని, ఆదివారాలు తీసేస్తే దాదాపు 261 రోజులు. పండగలు, సెలవులు, జ్వరాలు కలిపి ఓ 30 పోతే 231. ఒక కాంట్రాక్ట్ ముగిసి ఇంకోటి దొరికేలోపు నెల ఖాళీగా ఉన్నాడనుకుంటే 210. మిగతా రోజులకు ఎవరూ డబ్బివ్వరు. అంటే ఇప్పటి జీతంతో సమానంగా నిలబడాలన్నా రోజు లెక్కన దాదాపు 24 శాతం ఎక్కువ రావాలి. బీమా, శిక్షణ, లెక్కలు రాసేవాళ్ల ఖర్చు ఆపైన. మీకు ఆశ పుట్టించిన ఆ 10 శాతం ఒక ఏజెన్సీకీ ఇంకో ఏజెన్సీకీ మధ్య తేడా మాత్రమే. పాత జీతం మీద పెరుగుదల అనుకోకండి.

ఏజెన్సీ ఎవరి మనిషో కూడా తెలుసుకోవాలి. వాళ్లకు డబ్బిచ్చేది క్లయింట్, అంటే మీవాడితో పని చేయించుకునే కంపెనీ. కాబట్టి వాళ్ల ఖాతాదారు క్లయింటే. క్లయింట్ 100 ఇస్తే మీవాడికి 80 ఇచ్చి 20 ఉంచుకుంటారు. దీన్నే ఒకరు 20 శాతం మార్జిన్ అంటారు, ఇంకొకరు మీవాడి 80 మీద లెక్కగట్టి 25 శాతం మార్కప్ అంటారు. డబ్బు ఒకటే. ‘క్లయింట్‌కు ఎంత బిల్ చేస్తున్నారు’ అని అడగడం తప్పు కాదు. చెప్పకపోతే ‘మీ మార్జిన్ క్లయింట్‌తో ముందే ఖాయమైందా’ అని అడగాలి. ఖాయమైతే రేటు పెంచాల్సింది క్లయింట్, ఏజెన్సీ చేత అడిగించాలి. కాకపోతే ఆ 20లోంచే బేరం. వాళ్లేమీ ఊరికే తినడం లేదు. మనిషిని వెతకాలి, క్లయింట్ డబ్బు వచ్చేదాకా ఆగాలి, కొందరు తమ జేబులోంచి ముందే ఇస్తారు. బేరమాడితే కోపగించుకునే రిక్రూటర్‌ని నేనింతవరకు చూడలేదు, వాళ్లకది రోజూ ఉండే పనే.

సాయంత్రంలోగా అన్న హడావిడి చాలాసార్లు కాంట్రాక్ట్ మీద సంతకానికి కాదు, రెజ్యూమే పంపడానికి అనుమతి కోసం. అది ఇవ్వొచ్చు, కానీ క్లయింట్ పేరు తెలిశాకే, ‘ఈ క్లయింట్, ఈ పోస్టుకు మాత్రమే’ అని రాసి. మీరు రాసినదాంట్లో ఆ రెండూ ఒకే క్లయింట్ పనులా కాదా అన్నది లేదు. ఒకటే అయితే మీవాడు ఒక్క ఏజెన్సీకే ఒప్పుకోవాలి. ఒకే రెజ్యూమే రెండు చోట్ల నుంచి వస్తే, ఫీజు గొడవ ఎందుకని క్లయింట్ రెండూ పక్కన పడేయడం మామూలే.

నేను మీవాడినైతే రేటు కన్నా ముందు ఆ 60 రోజుల దగ్గర ఆగేవాణ్ని. ఒకటో తారీఖున పని మొదలుపెట్టి, నెలాఖరుకు ఇన్వాయిస్ వేసి, 60 రోజులు ఆగితే మొదటి డబ్బు చేతికొచ్చేసరికి మూడు నెలలు గడిచిపోతాయి. ఈలోగా ఆ ఏజెన్సీ మూతపడితే మీవాడు అప్పులవాళ్ల వరసలో ఎక్కడో వెనక నిలబడాలి. ఆ 10 శాతం, చూడబోతే, వాళ్లకు అప్పు పెట్టినందుకు వచ్చే వడ్డీ. అది చాలా, చాలదా అన్నది వాడు తేల్చుకోవాలి. ఒప్పందంలో ‘క్లయింట్ నుంచి సొమ్ము అందిన తర్వాత చెల్లించబడును’ అని ఎక్కడైనా ఉందేమో చూడమనండి. ఉంటే 60 అన్న అంకెకు కూడా అర్థం లేదు. క్లయింట్ ఎగ్గొడితే మీవాడికీ ఎగ్గొట్టినట్టే.

ఈ పనిలోకి రాకముందు నేనూ కొన్నాళ్లు కాంట్రాక్టులు చేశాను. ఒకసారి నా టైమ్‌షీట్ (పనిచేసిన గంటలు రాసే కాగితం) మీద సంతకం పెట్టాల్సిన మేనేజర్ లాంగ్ లీవ్‌లో వెళ్లాడు. పని చేశానని ఆ గదిలో అందరికీ తెలుసు. ఏజెన్సీ మాత్రం సంతకం లేని షీట్ తీసుకోనంది. ఆరు వారాల డబ్బు ఒక్క సంతకం కోసం ఆగిపోయింది. అప్పటినుంచీ ‘ఆయన లేకపోతే సంతకం ఎవరు పెడతారు’ అని ముందే రాయించుకునేవాణ్ని.

మిగతా క్లాజుల్లో నోటీసు రెండు వైపులా సమానంగా ఉండాలి. వాళ్లకు వారం, మీవాడికి నెల అంటే ఒప్పుకోవద్దు. పని ముగిశాక క్లయింట్‌తో నేరుగా పనిచేయకూడదనే షరతు ఎలాగూ ఉంటుంది, ఆరు నెలలో ఏడాదో. దాన్ని ఏజెన్సీ పరిచయం చేసిన ఆ ఒక్క క్లయింట్‌కే పరిమితం చేయించాలి. నష్టం జరిగితే అంతా కాంట్రాక్టరే భరించాలనే వాక్యం కనిపిస్తే, దానికో గరిష్ఠ పరిమితి అడగాలి.

ఇక దారి సంగతి. ఈ ‘ఇండిపెండెంట్’ అన్న మాట మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అదే కుర్చీ, అదే మేనేజర్, అదే తొమ్మిది గంటల మీటింగ్. జీతంతో కూడిన సెలవు మాత్రం లేదు. అందులో స్వేచ్ఛ ఎక్కడుందో నాకు కనిపించదు. చాలా దేశాల్లో చట్టం కూడా ఒప్పందం మీద రాసిన పేరును కాక, పని ఎవరి అదుపులో జరుగుతోందన్నది చూస్తుంది. బడ్జెట్ తగ్గితే ముందు వెళ్లేది కాంట్రాక్టర్లే, వాళ్లను పంపించడం తేలిక గనక. ఇంకో చిక్కు కూడా ఉంది. కాంట్రాక్టర్‌ను ఇప్పటికే చేతనైన పనికి తీసుకుంటారు, కొత్త పని నేర్పడానికి కాదు. మనిషి స్వయంగా చేసే మాన్యువల్ టెస్టింగ్ పని చాలావరకు ఆటోమేషన్‌లోకి పోతోంది. సొంత డబ్బు, సొంత టైమ్ పెట్టి నేర్చుకునే అలవాటు లేకపోతే నాలుగేళ్లకు రెజ్యూమే పాతబడిపోతుంది. గొప్ప రేట్లు చెప్పుకునేవాళ్లు మధ్యలో ఖాళీగా కూర్చున్న నెలల ఊసెత్తరు.

ఇంత చెప్పి వద్దంటానని అనుకుంటున్నారేమో. అనను. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా, పాత టీమ్‌వాళ్లు పిలిచి పనిచ్చేంత పేరుందా అని వాణ్నే అడగండి. రెండింటికీ ఉందంటే వెళ్లనివ్వండి. ఆరేళ్ల అనుభవం ఉన్నవాడు ఏడాది కాంట్రాక్ట్ చేసి మళ్లీ ఉద్యోగంలోకి రావడం వింతేమీ కాదు, అలా వచ్చినవాళ్లను నేను చాలామందినే చూశాను.

మీ భయం రేటు గురించి కాదనిపిస్తోంది నాకు. మీవాడు ఎక్కడ పనిచేస్తున్నాడని ఎవరైనా అడిగితే ఒక కంపెనీ పేరు చెప్పలేకపోతారు, అదీ అసలు ఇబ్బంది. ఇలా అంటే మీకు కోపం రావచ్చు. కానీ ఆ ఇబ్బంది మీది, వాడిది కాదు.

పోలుస్తానన్నాను కదా. మొదటి కాంట్రాక్ట్ కాబట్టి పెద్ద ఏజెన్సీయే నయం, రేటు 5 శాతం పెంచమని అడిగాకే. చిన్న ఏజెన్సీ 60 రోజులను 30కి దించి, క్లయింట్ ఇచ్చాకే ఇస్తామన్న షరతు ఉంటే దాన్ని కొట్టేస్తే, అప్పుడు అదే మేలు. ఈ రెండు మెయిళ్లూ వాణ్నే రాయనివ్వండి. ఈలోగా ఆ రిక్రూటర్ మీకు ఫోన్ చేస్తే ‘మా అబ్బాయితో మాట్లాడండి’ అని పెట్టేయండి.