కుంచె పట్టిన పాఠకులకు: సముద్రం, ప్రయాణం, ఇంటివాళ్ళు

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి విశాఖపట్నంలో స్థిరపడ్డాను. ఇన్నేళ్ళకు తీరిక చిక్కడంతో నీటిరంగులతో సముద్ర దృశ్యాలు వేస్తున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే సూర్యాస్తమయాల ఫోటోలు చూసి వేసినవి బాగానే కుదురుతున్నాయి గానీ, రామకృష్ణా బీచ్‌లో కూర్చుని వేస్తే మాత్రం సముద్రం నీలం గోడలా తయారవుతోంది. లోపం ఎక్కడుంది? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు చూసి వేస్తున్న సూర్యాస్తమయం మీ ఎదురుగా ఉన్న సముద్రానిది కాదు. గోవాలోనూ కేరళలోనూ సాయంత్రం సూర్యుడు నీళ్ళలోకి దిగుతాడు. మన తీరంలో పొద్దున్నే నీళ్ళలోంచి పైకి వస్తాడు. మన తీరాన్ని చిత్రించాలనుకునేవారు అన్నిటికంటే ముందు మనసుకు పట్టించుకోవలసింది ఈ ఒక్క తేడానే అని నా నమ్మకం, ఎందుకంటే నీటి రంగు, కెరటం ఆకారం, నురుగు తెలుపు అన్నీ వెలుగు ఏ వైపు నుంచి వస్తోందన్న దాన్ని బట్టే మారిపోతాయి.

ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య మీరు ఒడ్డున కూర్చుంటే సూర్యుడు మీకు ఎదురుగా ఉంటాడు. అప్పుడు సముద్రం నీలంగా ఉండదు. వెండిలా, బూడిదలా మెరుస్తుంది. మీ వైపు తిరిగిన కెరటపు ముఖమంతా నీడలో ఉంటుంది. అయితే కెరటం లేచి, విరగబోయే ముందు దాని తల పలచబడినప్పుడు వెనుక నుంచి వచ్చే వెలుగు అందులోంచి దూరి, ఒక్క క్షణం సీసా గాజు రంగులో ఆకుపచ్చగా వెలుగుతుంది. దాని కింద పడే నురుగు కూడా అప్పుడు తెల్లగా ఉండదు. అంచులు మాత్రమే మెరుస్తాయి, లోపలంతా లేత ఊదా కలిసిన బూడిద రంగు. మధ్యాహ్నం మూడు దాటాక ఇదంతా తారుమారవుతుంది. సూర్యుడు మీ వీపు వెనుక, ఊరి మీద ఉంటాడు కనుక కెరటాలు ముఖాన వెలుగు పడి కనిపిస్తాయి, నురుగు వెచ్చని తెలుపుకు తిరుగుతుంది, నీటి మీది తళుకు తగ్గి అసలైన నీలం బయటపడుతుంది. ఇంకాసేపటికి కైలాసగిరి వంటి కొండల నీడ ఇసుక మీదికి సాగుతుంది. ఒడ్డు నీడలో ఉండి, దూరపు నీళ్ళూ వాటి పైనున్న మబ్బులూ ఇంకా వెలుగులోనే ఉండే ఆ కాసేపు మన తీరానికి ప్రత్యేకంగా దక్కిన సమయం.

ఇక గోడ సంగతి. పై నుంచి కింది దాకా ఒకే నీలాన్ని పూస్తున్నారన్నది మీ ఉత్తరంతో పాటు పంపిన బొమ్మలో కనబడుతోంది. దూరాన ఉన్న నీటిని మనం దాదాపు పడుకోబెట్టిన అద్దాన్ని చూసినట్టు ఏటవాలుగా చూస్తాం కనుక అది ఆకాశపు కింది భాగాన్ని ప్రతిఫలిస్తుంది. పాదాల దగ్గరి నీటిని పై నుంచి చూస్తాం కనుక అందులో అడుగున ఉన్న ఇసుక, కలగిన బురద కనిపిస్తాయి. దూరానికి అల్ట్రామెరైన్ నీలంలో కొద్దిగా బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) కలిపి వేయండి. ఒడ్డుకు వచ్చేకొద్దీ విరిడియన్ ఆకుపచ్చలో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలపండి. నురుగు కోసం తెల్లరంగు వాడకుండా కాగితాన్నే వదిలేయండి. కెరటాల వరసలు దూరాన దగ్గరదగ్గరగా, సన్నగా ఉండాలి, దగ్గరికి వచ్చేకొద్దీ మధ్య ఖాళీ పెరగాలి. క్షితిజరేఖను మాత్రం స్కేలు పెట్టి గీసినా తప్పు లేదు. అది రవ్వంత ఒరిగినా సముద్రమంతా ఒలికిపోతున్నట్టుంటుంది.

విశాఖలో ఉన్నవారికి దూరప్రయాణాల అవసరమే లేదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎరుపు, నీలం ఒకే చూపులో దొరుకుతాయి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట వానల తరువాత వెళ్తే బురదనీరు, ఉప్పునీరు కలిసే గీత స్పష్టంగా కనబడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు చేపలవేట నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి; కదలని బోటును నేర్చుకోవడానికి అంతకు మించిన అదను లేదు. మిగతా నెలల్లో తెల్లవారుజామున ఒడ్డున అలివి వల లాగే జట్టును చూడండి. తాడు పట్టి వెనక్కి ఒరిగిన ఆ శరీరాలను గీయడం వస్తే కెరటపు బరువు దానంతటదే తెలుస్తుంది.

ఫోటోలు మానేయమని చెప్పను. రష్యన్ సముద్ర చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ కదిలే నీటిని చూస్తూ కుంచెతో పట్టుకోవడం సాధ్యం కాదని భావించి, స్టూడియోలో కూర్చుని జ్ఞాపకం నుంచే వేసేవాడు. అయితే ఆయన సముద్రపు ఒడ్డున ఉన్న ఫియొదోసియాలో పుట్టి, జీవితంలో చాలా భాగం అక్కడే గడిపినవాడు. ఆ జ్ఞాపకం ఆయన సొంతం. మీరు కూడా మీ ఫోటోలే వాడండి, ఇతరులవి వద్దు. ఫ్రెంచి చిత్రకారుడు బూదాఁ తన ఆకాశపు అధ్యయనాల మీద తేదీ, వేళ, గాలి వాటం రాసుకునేవాడు. మీరూ ప్రతి బొమ్మ వెనుక ఆ మూడూ రాయండి. ఏడాది తిరిగేసరికి మీ తీరం మీకు ఒక పుస్తకమై కూర్చుంటుంది.

ప్రశ్న: కాకినాడలో ఉంటాం. సెలవుల్లో కుటుంబమంతా కలిసి ఉప్పాడ, యానాం, అంతర్వేది వెళ్తుంటాం. నాకు అక్కడ కూర్చుని బొమ్మ వేసుకోవాలని ఉంటుంది గానీ, మావారు, పిల్లలు, అత్తయ్యగారు ఉండగా తీరిక దొరకదు. పోనీ వాళ్ళనే బొమ్మలో పెడదామంటే ముఖాలు కుదరవు, మనుషులు ఇసుక మీద తేలుతున్నట్టుంటారు. — ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, కుటుంబం వల్ల బొమ్మ ఆగిపోతోందని మీరు రాసిన మాట మనసుకు తాకింది. కానీ సముద్ర చిత్రాలలో గొప్పవి కొన్ని సరిగ్గా మీరున్న పరిస్థితిలోనే పుట్టాయి. 1870 వేసవిలో ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మొనే కొత్తగా పెళ్ళాడిన భార్య కమీయ్‌తో, పసివాడైన కొడుకుతో ఫ్రాన్స్‌లోని ట్రూవిల్ తీరానికి వెళ్ళాడు. అక్కడ ఇసుక మీద కుర్చీలో కూర్చున్న కమీయ్‌ను వేసిన చిన్న బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. గాలికి ఎగిరిన ఇసుక రేణువులు ఆ రంగులో ఈనాటికీ అతుక్కుని ఉన్నాయి. ముఖాన్ని నాలుగు కుంచె దెబ్బలతోనే తేల్చేశాడు. అయినా ఆమె ఎండలో కూర్చున్న తీరు చెప్పవలసినదంతా చెబుతుంది.

ఇంకొకరు స్పెయిన్‌కు చెందిన చిత్రకారుడు సొరోయా. 1909లో వలెన్సియా తీరంలో ఆయన తన భార్య క్లొటిల్డే, పెద్ద కూతురు మరియా తెల్లని దుస్తుల్లో నీటి అంచున నడుస్తుండగా వేసిన నిలువెత్తు చిత్రం మాడ్రిడ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. అందులో ఆకాశమే లేదు, క్షితిజరేఖా లేదు. వెనుకంతా నీళ్ళూ ఇసుకే. ఆ తెల్లబట్టల మడతల్లో నీలం, ఊదా, లేత గులాబీ ఎలా దాగి ఉన్నాయో అచ్చు ప్రతిలోనైనా దగ్గరగా చూడండి. తరువాత మీ అత్తయ్యగారి నేత చీర మీద సాయంత్రపు ఎండ పడినప్పుడు అందులో ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టండి.

మనుషులు తేలడానికి కారణం తేలికైనదే. క్షితిజరేఖ ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. మీరు నిలబడి వేస్తుంటే, చదునైన ఇసుక మీద మీ అంత ఎత్తున్న పెద్దవాళ్ళు పది అడుగుల దూరంలో ఉన్నా వంద అడుగుల దూరంలో ఉన్నా వాళ్ళ కళ్ళు ఆ రేఖ మీదికే వస్తాయి. పాదాలు మాత్రం దూరమయ్యేకొద్దీ పైకి జరుగుతాయి. పిల్లల తలలు రేఖకు కిందే ఉంటాయి. అదే మీరు చాప వేసుకుని కూర్చుంటే, నిలబడినవాళ్ళంతా దాదాపు నడుము నుంచే ఆకాశంలోకి లేస్తారు. ఆ తరువాత పాదాల దగ్గర నీడను, తడి ఇసుకలో తలకిందులైన ప్రతిబింబాన్ని కలిపేయండి, ఇక ఎవరూ తేలరు.

తీరిక విషయానికి వస్తే, అరచేతి పుస్తకమూ పెన్సిలూ సంచిలో ఉంటే చాలు. పిల్లలు గూడు కట్టేంతసేపు కదలరు. వాళ్ళకూ ఒక కాగితం ఇవ్వండి. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు ఇంట్లో భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే ఆయన కన్నుమూయడం మనకు తీరని లోటు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి, మీకు దగ్గరే కనుక పిల్లలను తీసుకుని ఒకసారి వెళ్ళి రండి.

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. వేసవిలో అక్కడికి వెళ్తున్నాను. తైలవర్ణాలు తీసుకెళ్ళవచ్చా? అక్కడి సముద్రం వేయడానికి ఏమైనా సూచనలున్నాయా? — ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తైలవర్ణాలను పలచన చేసే టర్పెంటైన్ త్వరగా మండేది కనుక విమానంలో చేతి సంచిలో గానీ పెట్టెలో గానీ పెట్టనివ్వరు. తైలవర్ణాలకు బదులు చిన్న నీటిరంగుల పెట్టె, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపు కాగితపు పుస్తకం, రెండు కుంచెలు హాయిగా సరిపోతాయి.

అక్కడి తీరం పడమటికి తిరిగి ఉంటుంది. నీళ్ళలో సూర్యాస్తమయం అక్కడ నిజంగానే ఎదురుగా దొరుకుతుంది. కానీ వేసవి అనగానే ఎండను ఊహించుకోకండి. ఆ తీరంలో అడుగునున్న చల్లని నీరు పైకి వస్తూ ఉండడం వల్ల నీటి మీది గాలి చల్లబడి, వేసవిలోనే పొగమంచు దట్టంగా పడుతుంది. క్షితిజరేఖ కనబడని రోజులు తగిలితే నిరాశపడవద్దు. ముందు రాతిని ముదురుగా, వెనుక రాతిని లేతగా, ఆ వెనుకదాన్ని దాదాపు లేనట్టుగా వేస్తూ పోతే దూరాన్ని చూపడం నేర్చుకోవడానికి అది మంచి బడి. అమ్మాయీ అల్లుడూ శని, ఆదివారాల్లోనే బయటికి తీసుకెళ్ళగలరు కాబట్టి ఒడ్డున పావుగంట చిన్న స్కెచ్చులు గీసుకుని, రంగుల పేర్లు పక్కన రాసుకుని, వారం మధ్యలో ఇంటి దగ్గర వాటిని పూర్తిచేయండి.

ప్రశ్న: సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఇంట్లో గోడకు తగిలించిన నీటిరంగుల బొమ్మల మీద మచ్చలు వస్తున్నాయి. — ఒక పాఠకుడు, చీరాల

జవాబు: అది తేమకు పట్టిన బూజు. బొమ్మ గాజుకు అంటకుండా మధ్యలో మౌంట్ అట్ట పెట్టించండి, ఫ్రేము వెనుక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటించి గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడేలా చూడండి. బయటివైపు గోడకు కాకుండా లోపలి గోడకు తగిలించండి. వానాకాలంలో నెలకొకసారి దించి, నీడలో ఆరబెట్టి, మెత్తని పొడి కుంచెతో వెనుకవైపు దులిపితే చాలు. ఎండలో మాత్రం పెట్టవద్దు.